తుప్పు పట్టని గాలం

“కట్టర్ చూపించండి,” అంది వార్డెన్.

తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆగిన ట్రక్కుల వరసలో మాటలు టక్కున ఆగిపోయాయి. పాడ్రే ద్వీపం ఒడ్డున సొరచేపలు పట్టేవాళ్లెవరూ నియెవెస్ లొంగోరియా ముందు ఆ మాట ఎత్తరు. చేపల వేట రూళ్లు చూసే ఈ వార్డెన్ కొత్తగా వచ్చింది. ఆమెకు తెలియదు.

నియెవెస్ ట్రక్కు దిగింది. కోటు పక్కకు తీసి, నడుముకు తాడుతో కట్టుకున్న కట్టర్ చూపించింది. జానెడు పిడులు, గట్టి ఉక్కు దవడలు. సొర నోట్లో దిగిన గాలాన్నయినా ఒక్క నొక్కుతో తెంచేస్తుంది. తర్వాత సీటు కింది నుంచి ఇంకొకటి తీసింది. పనిముట్ల పెట్టె తెరిచి మూడోది చూపించింది.

“రూలు ప్రకారం ఒకటి చాలమ్మా,” వార్డెన్ నవ్వింది. “మూడెందుకు?”

నియెవెస్ జవాబు చెప్పలేదు. ఆ పని చెయ్యడానికి వెనక సీట్లోంచి ఎమెట్ కుబాలా దిగాడు. దిగుతూనే టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“మేడమ్, ఆవిడని ఆ ఒక్కటీ అడక్కండి. రెండేళ్ల కిందట వీళ్లాయన, నా ప్రాణ స్నేహితుడు, ఇక్కడే పోయాడు. సొర లాగుతుంటే తీగ చేతికి చుట్టుకుంది. కోద్దామంటే కట్టర్ లేదు. ఆ రోజు సామాను సర్దింది వదిన.” టోపీని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు. “మనిషన్నాక మర్చిపోతారు. మేమెవరమూ ఏమీ అనుకోలేదు.”

వార్డెన్ మొహం ఎర్రబడింది. “క్షమించండి” అని గొణిగింది.

ఇదే మాట ఎమెట్ అంత్యక్రియల రోజు చర్చిలో, అందరి ముందూ, నియెవెస్ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. అతను క్షమించేవరకూ, అందులో క్షమించాల్సింది ఒకటుందని ఊళ్లో సగం మందికి తెలియనే తెలియదు.

“గాలాలు చూస్తాను,” వార్డెన్ మాట మార్చింది. పెట్టెలోంచి గుండ్రటి గాలం ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. అప్పటికే దాని మీద తుప్పు మచ్చలున్నాయి. “స్టెయిన్‌లెస్ కాదుగా?”

“కాదు. తీగలన్నీ నేనే కడతాను,” అంది నియెవెస్.

“తుప్పు పట్టే గాలమే వాడాలట!” ఎమెట్ నవ్వాడు. “తుప్పు పట్టే పెళ్లి ఉంగరం ఎవరైనా కొంటారా మేడమ్?”

“తీగ తెగి గాలం చేప నోట్లోనే ఉండిపోయిందనుకోండి, కొన్నాళ్లకి తుప్పు తినేసి ఊడిపోవాలి. లేకపోతే అది బతికినన్నాళ్లూ మోస్తుంది,” అంది వార్డెన్.

“ఈ శ్రద్ధ బళ్లో ఉండుంటే నేనూ వార్డెన్ అయ్యేవాణ్ని.”

“నువ్వా? నీ మొహానికి ఎర బకెట్టు కూడా ఎవరూ అప్పజెప్పరు, ఎక్కు ఎక్కు,” అని స్టీరింగు ముందు కూచున్న ఫిడెన్సియో కసిరాడు. నియెవెస్ భర్త రొసెండోకి మేనమామ. డెబ్భై దాటినా చేతులు ఇంకా రీలు తిప్పుతూనే ఉన్నాయి.

ట్రక్కు ఇసుకలోకి దిగింది.

ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన గడ్డి మొలిచిన ఇసుక దిబ్బలు. నియెవెస్ ఒళ్లో రేకు కాగితంలో చుట్టిన టాకోలు వేడిగా ఉన్నాయి. ఆమెకు ఆకలి లేదు. రెండేళ్ల కిందటి ఆ ఉదయాన్ని మళ్లీ మొదటి నుంచి తలచుకుంటోంది. ఎర పెట్టె, నీళ్ల సీసాలు, చేతి తొడుగులు, తువ్వాళ్లు. కట్టర్‌ని డ్రైవరు పక్క తలుపు అరలో పెట్టింది. పెట్టిందా? అంతకు ముందు వారం పెట్టిన జ్ఞాపకమా అది? ఎక్కువసార్లు తడిమి చూసిన నాణెం మీద బొమ్మలా ఆ ఉదయం అరిగిపోయింది.

కట్టర్ ఇంట్లో దొరికి ఉంటే మర్చిపోయానని ఖాయమయ్యేది. ఇల్లంతా వెతికింది. గరాజ్‌లో అరలన్నీ దించింది. దొరకలేదు. ట్రక్కులోనూ లేదు. “దుఃఖంలో ఎక్కడో పెట్టి ఉంటావులే” అన్నారు జనం.

కూతురు అరసెలీ మాత్రం ఒక్కసారే అడిగింది. “అమ్మా, నిజంగా మర్చిపోయావా?”

“తెలీదే.”

“తెలీదంటే ఏంటమ్మా?”

ఆ పిల్ల కింగ్స్‌విల్‌లో నాయనమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఫోను చేస్తే తీస్తుంది. ‘ఊ’, ‘సరే’, ‘పని ఉంది’. అంతే. రెండేళ్లుగా నియెవెస్‌కి కావలసింది ఒకటే. ఆ పిల్లకి ఖాయంగా ఒక జవాబు చెప్పాలి. అవునని అయినా సరే.

ఎప్పుడూ దిగే చోటే దిగారు. ఎమెట్ కయాక్ పడవ దించి, ఎర కోసం సగం కోసిన పారచేపను ఒళ్లో పెట్టుకుని అలలు దాటాడు. ఆ పని చెయ్యడంలో అతన్ని మించినవాడు ఆ ఒడ్డున లేడు. మూడో ఇసుకమేట అవతల ఎర జారవిడిచి తెడ్డు పైకెత్తాడు. ఫిడెన్సియో రీలు బిగించాడు.

తిరిగొచ్చాక ముగ్గురూ ట్రక్కు వెనక తలుపు మీద కూచుని తిన్నారు.

“మీ అమ్మ తీపి కొలాచీలు పంపలేదేంరా?” ఫిడెన్సియో అడిగాడు.

“పంపింది. దార్లో తినేశా.”

“అన్నీ?”

“మీకు షుగరు కదా పెద్దాయనా. మీ ఆరోగ్యం కోసమే తిన్నాను.”

“నువ్వు నా ఆరోగ్యం చూసుకుంటే నేను ఎప్పుడో పోదును.”

రీలు అరిచింది.

నెమ్మదిగా మొదలు కాలేదు. ఎవరో ట్రక్కుకి కట్టి లాగుతున్నట్టు దారం పరుగెత్తింది. ఫిడెన్సియో రాడ్డును నడుము పట్టీలో గుచ్చుకుని మడమలు ఇసుకలో తన్నిపెట్టాడు. అటు పోయింది, ఇటు వచ్చింది, ఆగింది, మళ్లీ పోయింది. ముసలాయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. “రా అమ్మా, రా, మా ఇంటికి రా,” అని దాన్ని బతిమాలుతున్నాడు.

చివరికి మొదటి ఇసుకమేటకీ ఒడ్డుకీ మధ్యనున్న లోతులో వీపు రెక్క కనిపించింది. దాని వెనక చాలా దూరంలో తోక కొన. రెండిటి మధ్య దూరం చూసి ఎమెట్ ఈల వేశాడు.

ఇక్కడి నుంచి తీగ పట్టే మనిషి పని. చేప దగ్గరికొచ్చాక ఒకరు నీళ్లలోకి దిగి, గాలానికి కట్టిన ఉక్కు తీగను చేత్తో పట్టుకోవాలి. ఇంకొకరు కట్టర్‌తో పక్కనే నిలబడాలి. రొసెండో తీగ పట్టేవాడు. అతను పోయాక ఆ పని నియెవెస్ తీసుకుంది. ఎవరు ఎంత చెప్పినా వినలేదు. నడుముకు కట్టర్ కట్టుకుని దిగుతుంది. ఇంకొకరి కట్టర్ మీద ఆధారపడదు.

ఆమె నీళ్లలో అడుగు పెట్టగానే ఫిడెన్సియో అరిచాడు. “కోత ఎక్కడ?”

“చేతికి ముందు!” ఆమె తిరిగి అరిచింది.

అది ఆ కుటుంబం ఆనవాయితీ. దిగే ప్రతిసారీ అడగాలి, చెప్పాలి. కోయాల్సి వస్తే చేతికి ముందు, అంటే చేతికీ చేపకీ మధ్య కోయాలి. అలా కోస్తే మనిషి ఒడ్డున మిగులుతాడు. చేతికి వెనక కోస్తే ఒడ్డుకు కట్టి ఉన్న దారం పోతుంది, తీగ చుట్టుకున్న చెయ్యి చేపతో పోతుంది. రొసెండో చిన్నప్పుడు ఫిడెన్సియో దగ్గరే ఇది నేర్చుకున్నాడు.

ఛాతీ దాకా నీళ్లు. నియెవెస్ ఎడం చేత్తో తీగను గుప్పిట పట్టింది. రొసెండోలా చేతికి చుట్లు వేసుకోదు. వేళ్లు తెరిస్తే జారిపోయేలా పట్టుకుంటుంది. కుడి చెయ్యి సొర వీపు మీద వేసింది. ఇసుక కాగితంలాంటి చర్మం. రెండు వీపు రెక్కల మధ్య బొటనవేలు పోనిచ్చింది. అక్కడ తాడు కుట్టినట్టు సన్నటి గట్టు తగిలింది.

“డస్కీ!” అని అరిచింది. “నిషేధపు జాతి మావయ్యా! ఒడ్డుకి లాగకండి, నీళ్లలోనే ఉంచండి, వదిలేస్తున్నా!”

“అబ్బా, ఒక్క ఫోటో వదినా!” వెనక నుంచి ఎమెట్ కేక. నడుం లోతులో ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఇంకో చేతిలో సీటు కింది కట్టర్. “దాని తల కొంచెం పైకెత్తు. ఇంత చేప మళ్లీ జన్మలో పడదు. ఏ వార్డెన్ చూడొచ్చింది?”

“మొప్పలు నీళ్లు దాటకూడదు. ఫోన్ లోపల పెట్టు.”

గాలం ఎక్కడ దిగిందో చూద్దామని వంగింది. గాలం కుడి దవడ మూలలో శుభ్రంగా దిగి ఉంది. ఎడమ మూలలో ఇంకొకటి ఉంది.

పాతది. దాని నుంచి వేలాడుతున్న తీగ నిండా పాచి, చిన్న చిన్న గవ్వ పురుగులు. సొర పక్కనే ఆ తీగ తోకలా ఊగుతోంది. ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న చేప. ఇలాంటివి అప్పుడప్పుడూ కనిపిస్తాయి. తీసేస్తే చేపకు మంచిది. నియెవెస్ దాని మొదలు పట్టుకుని పాచిని బొటనవేలితో తుడిచింది.

తీగకు గాలాన్ని బిగించే చోట పారదర్శకమైన గొట్టం. గొట్టం కింద దారం చుట్లు.

ఊదా రంగు.

సముద్రం చప్పుడు ఆగిపోయినట్టయింది.

అరసెలీ పదిహేనేళ్ల పండుగకి కుట్టించిన గౌను రంగది. దర్జీ దగ్గర మిగిలిన దారపు ఉండ తెచ్చి, వంటింటి బల్ల దగ్గర కూచుని, “నాన్న తీగకి నా గౌను రంగు” అని ఆ పిల్లే చుట్టింది. ఒక్క తీగకే చుట్టింది. ఆ తీగతోనే రొసెండో వెళ్లాడు. వెనక్కి రాలేదు.

“ఏంటది?” ఎమెట్ దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు.

అతని మొహంలో రక్తం చుక్క లేదు. ఫోను నీళ్లలో జారిపోయింది. దాని కోసం వంగనైనా లేదు.

“కోసెయ్ వదినా. వదిలెయ్.”

“ఎమెట్, ఇది—”

“నిషేధపు చేప! వెంటనే వదిలెయ్యాలి! రూలు! రూలు తెలీదా నీకు?” గొంతు చీలిపోయింది. “ఆలస్యం చెయ్యకూడదు, చచ్చిపోతుంది, కోసెయ్!”

ఇప్పుడే ఫోటో అడిగిన మనిషి.

నియెవెస్ ఆలోచించలేదు. కుడి చేత్తో నడుం కట్టర్ తీసి దవడలు తెరిచి, పాత గాలం వంపు మీద పెట్టింది. సొర తల విదిలించింది. ఆమె ముంజేతికి దాని పళ్లు జానెడు దూరంలో ఉన్నాయి. నొక్కింది. జారింది. మళ్లీ పెట్టి ఒళ్లంతా బరువు వేసి నొక్కింది. గాలం రెండు ముక్కలైంది. పై ముక్క, తీగ ఆమె కుడి చేతిలోకి ఊడి వచ్చేశాయి.

అదే క్షణంలో వెనక టక్ మన్న చప్పుడు.

ఎడం గుప్పిట్లోని కొత్త తీగకి ఒడ్డు వైపు బిగువు ఒక్కసారిగా పోయింది. సొర బరువంతా ఆమె చేతి మీద పడింది. భుజం ఊడి వచ్చినట్టయింది. మొహం నీళ్లలో పడింది. ఉప్పు నీళ్లు మింగింది. వేళ్లు తెరిచింది. తొడుగును కాలుస్తూ తీగ జారిపోయింది. ఒక పెద్ద తోక దెబ్బ, తర్వాత నీళ్లు చదునైపోయాయి.

లేచి దగ్గింది. ఒడ్డున ఫిడెన్సియో వెల్లకిలా పడి ఉన్నాడు. రాడ్డు ఆకాశంలోకి నిక్కింది.

“ఎవర్రా కోసింది? అమ్మాయ్! ఎవరు కోసింది?”

కోసింది ఎమెట్. ఆమె చేతికి వెనక.

“వదిలెయ్యాలి కదా,” అన్నాడు. “రూలు కదా.”

ఆమె అతని చేతిలోని కట్టర్ వైపు, తన ఖాళీ ఎడం చేతి వైపు చూసింది. చుట్లు వేసుకుని ఉంటే? ఆ ప్రశ్న పూర్తి కాలేదు. పాత తీగను ఛాతీకి హత్తుకుని ఒడ్డుకు నడిచింది.

ఇసుక మీద మోకాళ్లు వేసి కూచుంది. నీళ్ల సీసా వంచి తీగను తువ్వాలుతో తుడిచింది. ఫిడెన్సియో కుంటుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. దారం రంగు చూసి శిలువ గీసుకున్నాడు.

“వాడి తీగేనా?”

“ఆయనదే.”

“రెండేళ్లు!” ముసలాయన గాలం ముక్క వేలితో తిప్పాడు. నల్ల రంగు పెచ్చులుగా లేచిపోయి కింద వెండిలా మెరుస్తోంది. “ఇది రూలు గాలం కాదే. స్టెయిన్‌లెస్‌కి నల్లరంగు పూశారు. నువ్వు తెచ్చావా?”

“ఆ రోజు గాలాలు నేను తేలేదు. ఎమెట్ తెచ్చాడు. ‘కొత్త డబ్బా వదినా, దీంతో కట్టు’ అన్నాడు.”

ఎమెట్ అలల అంచున నిలబడిపోయాడు. రావడం లేదు, పోవడం లేదు.

నియెవెస్ తీగ రెండో చివర పట్టుకుంది. రీలు దగ్గర దారం తెగిపోయిందని ఆ రోజు ఎమెట్ చెప్పాడు. అలాగైతే తీగ పూర్తిగా ఉండాలి, చివర ఆమె వేసిన ముడి ఉండాలి. ముడి లేదు. తీగ మధ్యలోనే ఆగిపోయింది. తెగలేదు. లాగుడుకు తెగిన ఉక్కు తీగ చీపురులా విచ్చుకుంటుంది. ఇది నున్నగా ఉంది. ఒక పక్క మాత్రం మూడు పోగులు మిగతావాటి కన్నా గోరంత పొడుగు.

ఆమె తీగను అటు తిప్పింది.

గాలం దగ్గరి చివర చూసింది. అక్కడ తీగను మడిచి బిగించాక మిగిలిన తోక. వంటింటి బల్ల మీద తనే కోసింది. మూడు పోగులు గోరంత పొడుగు. అదే పక్క.

ఆ కట్టర్ దవడకి ఒక నొక్కు ఉండేది. రొసెండో ఒకసారి దాంతో పడవ బండి తాళం కొయ్యబోయి విరగ్గొట్టాడు. అప్పటి నుంచి ఏ తీగ కోసినా మూడు పోగులు సరిగ్గా తెగేవి కావు. “కొత్తది కొనవయ్యా” అని ఆమె పోరేది. “కోస్తోంది కదా” అనేవాడు. ఇల్లంతా వెతికినా దొరకని కట్టర్ అదే.

ఆ కట్టర్ ఆ రోజు ఈ ఒడ్డునే ఉంది.

“పెట్టాను,” అంది. “తలుపు అరలో పెట్టాను. మావయ్యా, నేను మర్చిపోలేదు.”

ఫిడెన్సియో ఆమె మాట వినడం లేదు. ముసలాయన చూపు తీగ మీద ఇంకెక్కడో ఆగిపోయింది.

“అమ్మాయ్,” అన్నాడు మెల్లగా. “ఆ వంకరలు చూడు.”

తీగ మధ్యలో మూడు చుట్లున్నాయి. నిటారుగా లాగినా మళ్లీ చుట్టుకుపోతున్నాయి. ఒకసారి గట్టిగా బిగిసిన ఉక్కు ఆ ఆకారాన్ని వదలదు. నియెవెస్ ఎడం చెయ్యి అందులోకి పోనిచ్చింది. ఆమె చేతికి వదులుగా ఉన్నాయి. ఇంకా పెద్ద అరచేతికి, తొడుగు వేసుకున్న చేతికి సరిపోతాయి.

రొసెండో చేతికి.

ఒక పక్క గాలం. మధ్యలో చెయ్యి. చేతికి అవతల, ఒడ్డు వైపు, జానెడు దూరంలో కోత.

ముందు కాదు. వెనక.

ఆమె తల తిప్పి ఎమెట్‌ని చూసింది. ఇందాక నీళ్లలో వినిపించిన టక్ మన్న చప్పుడు మళ్లీ వినిపించింది.

ఫిడెన్సియో లేవబోయాడు. పిడికిలి బిగిసి ఉంది. నియెవెస్ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

“కొట్టకండి. వాడి నోరు పని చెయ్యాలి.”

ఎమెట్ తనంతట తనే వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. కట్టర్ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తున్నాడు.

“రాడ్డు ఇసుకలో గుచ్చి ఇద్దరం దిగాం,” అన్నాడు. “చేప తిరిగింది. చుట్లు బిగిసిపోయాయి. వాడు ‘ముందు! ముందు!’ అని అరుస్తున్నాడు. ముందుకి రావాలంటే దాని నోటి దగ్గరికి రావాలి. నా కాళ్లు... రాలేదు వదినా. చేతికి వెనక అందింది. కోశాను. కోస్తే చాలనుకున్నాను. ఏదో ఒకటి కోస్తే అయిపోతుందనుకున్నాను.”

“అయిపోయింది,” అన్నాడు ఫిడెన్సియో.

“వాడు నా వైపే చూస్తూ వెళ్లిపోయాడు.”

అల ఒకటి వచ్చి ఎమెట్ బూట్లు తడిపి పోయింది.

“కట్టరేదీ?” నియెవెస్ అడిగింది.

“విసిరేశాను. నీళ్లలోకి. రాడ్డుకి మిగిలిన తీగ ముక్క కూడా. ఎందుకో తెలీదు. తర్వాత జనం వచ్చారు. ‘కట్టర్ లేదా?’ అని ఎవరో అడిగారు. లేదు అని నోటికొచ్చేసింది. లేదన్నాక, ఎందుకు లేదంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. సర్దింది నువ్వు కదా.”

“ఇప్పుడు కూడా నా చేతికి వెనకే కోశావు.”

“నేను... ఆ దారం చూసి... అది వెళ్లిపోవాలి అంతే. నువ్వు గుర్తు రాలేదు. ఒట్టు వదినా, నీ చెయ్యి నాకు కనపళ్లేదు.”

ఆ మాట నిజమేనని ఆమెకు అర్థమైంది.

“భయపడ్డావు. సరే. అబద్ధమాడావు. అదీ సరే అనుకో,” అంది. “క్షమించడమెందుకు ఎమెట్? చర్చిలో, పెట్రోలు బంకులో, పొద్దున ఆ వార్డెన్ ముందు. నా కూతురి ముందు. ఎవరు అడిగారు నిన్ను, నన్ను క్షమించమని?”

ఎమెట్ తల ఎత్తాడు. ఈ ప్రశ్న తనని తాను ఎప్పుడూ అడుక్కోలేదని అతని మొహమే చెబుతోంది.

ఫిడెన్సియో గాలం ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. “నాలుగు డాలర్ల గాలం రూలు ప్రకారం కొనుంటే, దీన్ని సముద్రం ఎప్పుడో తినేసేది,” అని సముద్రం వైపు ఉమ్మేశాడు. “లేవరా. ఎక్కు.”

ట్రక్కు తిరుగు దారి పట్టింది. ఎమెట్ వెనక సీట్లో తడి బట్టలతో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. నియెవెస్ ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో తీగ. రెండేళ్లుగా ఆమె ఆ ఉదయం కోసం తడుముకుంటూ వచ్చింది. ఇప్పుడది అడగకుండానే వచ్చి కూచుంది. తలుపు అర తెరుస్తుంటే కిర్రుమన్న చప్పుడు. కట్టర్ పిడికి చుట్టిన పాత టేపు అరచేతికి అంటుకోవడం. వాకిట్లో రొసెండో “అన్నీ పెట్టావా?” అనడం. “అన్నీ పెట్టాను” అని తను అనడం.

పెట్టాను. పెట్టాను.

ఏడుపు రాలేదు. తువ్వాలును ఇంకో మడత వేసింది.

తారు రోడ్డు కనిపించగానే ఫోనుకి సిగ్నల్ వచ్చింది. వార్డెన్ బండి ఇంకా అక్కడే ఉంది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“ఏమైనా పడిందా?”

“డస్కీ,” అన్నాడు ఫిడెన్సియో. “నీళ్లలోనే వదిలేశాం. మీరు కాసేపు ఉండండమ్మా. మా వాడు ఒక మాట చెప్తాడు. అది మీరూ వినాలి.”

నియెవెస్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు మోగింది.

“ఊ,” అంది అరసెలీ.

“అమ్మలూ, నేనే.”

“పని ఉందమ్మా. తర్వాత చేస్తా.”

“పెట్టెయ్యకు. నాన్న తీగకి నువ్వు చుట్టిన దారం... ఊదా దారం. దొరికింది.”

అటు వైపు ఏదో కింద పెట్టిన చప్పుడు. “ఎక్కడ?”

ఏం చెప్పాలో నియెవెస్‌కి తెలుసు. చేప, గాలం, మూడు పోగులు, మూడు చుట్లు. అన్నీ తను చెప్పగలదు. కానీ తల్లి తనకోసం చెప్పుకున్న మాట అవుతుంది అది. వెనక తలుపు తెరిచి ఫోన్‌ని ఎమెట్ ముందు పెట్టింది.

“చెప్పు. రొసెండో అరిచిన మాటతో సహా.”

ఎమెట్ ఫోను అందుకున్నాడు. వార్డెన్ వైపు చూశాడు. ఫిడెన్సియో వైపు చూశాడు. ఆగి ఉన్న ట్రక్కుల్లోంచి మనుషులు దిగి వస్తున్నారు. టోపీ తీద్దామని తలకు చెయ్యి పెట్టాడు. టోపీ సముద్రంలో పోయింది.

“అరసెలీ, నేను ఎమెట్ బాబాయిని,” అన్నాడు. “మీ అమ్మ మర్చిపోలేదు.”

తర్వాత చెప్పాడు. మొదట తడబడ్డాడు. కాళ్లు కదలని చోటికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఫిడెన్సియో “ఊ” అన్నాడు. మళ్లీ చెప్పాడు. చేతికి వెనక అన్న మాట దగ్గర ట్రక్కుల వాళ్లలో ఒకతను “దేవుడా” అని తల పట్టుకున్నాడు. అది చాలు. ఆ ఒడ్డున ఎవరికీ ఇంకా వివరించాల్సిన పని లేదు.

చెప్పడం అయిపోయాక ఎమెట్ ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు. నియెవెస్ తువ్వాలును రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఫోన్లోంచి ఆ పిల్ల గొంతు బయటికే వినిపించింది. ఏడుస్తోంది.

“ఫోన్ అమ్మకివ్వండి.”